ఎర్ర గుడ్డ కట్టిన సీసా

కౌతునా గురించి మా దీవిలో చెప్పుకునే కథ ఒకటుంది. మనేయబాకి, అంటే ఊరంతా కలిసి కూర్చునే ఆ పెద్ద సావడి కప్పుకి, కొత్త ఆకు నేసిన రోజు జరిగిందట. పక్క ఊరి పిల్లలు నాట్యం చెయ్యడానికి వచ్చి దాహంతో కూర్చుని ఉన్నారట. ఊరి పెద్ద తెరాకా మాట్లాడుతుండగానే కౌతునా లేచి, అందరి మధ్య నుంచి నిటారుగా నడిచి వచ్చి, పిల్లల కోసం కలిపిన పాకం నీళ్ళ తొట్టిని కాలితో తన్నాడట. కారణం, అంతకు ముందు వారం మనేయబా స్తంభాలకి పూయడానికి కౌతునా దగ్గరున్న, ఇంజన్లలోంచి తీసిన పాత నల్ల ఆయిల్‌ని తెరాకా, లేదనకూడని బుబుసి మాట పెట్టి అడిగితే, లేదన్నాడట. అక్కడ మాటా మాటా పెరిగి ఇక్కడ ఇలా బయటపడిందట. లారీలో చెప్పేవాళ్ళు ఆయన తాగి ఉన్నాడంటారు. ఓడ మీద చెప్పేవాళ్ళు, ఆ ఆయిల్‌ని తెల్లవాళ్ళు ఎగబడి కొంటారని, అందుకే ఊళ్ళో ఎవరికీ చుక్క ఇవ్వడని అంటారు. చివరికి అందరూ ఒకే మాట దగ్గర ఆగుతారు: బుబుసికి లేదన్నవాడు తొట్టి తన్నడంలో వింతేముంది?

ఆ తొట్టిలో గరిటె తిప్పుతున్నది నేను. నలుగురిలో నోరు విప్పే అలవాటు నాకు లేదు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. తెబోవా అవ్వ పోయి ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

కౌతునా మా అమ్మమ్మకి తమ్ముడు. నాకు తాత. పంతొమ్మిదేళ్ళు సరుకు ఓడల్లో, కింద ఇంజన్ గదుల్లో పని చేసి తిరిగొచ్చాడు. "ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చాను, కుడి చెవి మీ కోసం తెచ్చాను" అనేవాడు. మా ఇంటికీ ఆయన రేకుల పాకకీ మధ్య ఒక సీమపనస చెట్టే అడ్డం. అమ్మ కాలి పుండు మానకపోవడంతో నేను రెండో ఫారంలో బడి మానేశాను. అప్పటి నుంచి పొద్దున పూట ఆయన భార్య అకోయా అమ్మమ్మ దగ్గర పాకం కాయడానికి వెళ్ళేదాన్ని. తాత కొబ్బరి చెట్టెక్కి పాట పాడుతూ తీపి కల్లు దించేవాడు. అది పొయ్యి మీద గంటల తరబడి మరిగి, నల్లగా, చిక్కగా అయ్యేది. సీసాల్లో పోసి మూత బిగించడం నా పని. పాకకి ఆ పక్క ఆయన బళ్ళు బాగుచేసే పని, ఈ పక్క మా పొయ్యి. అందుకే ఆయన చేసేదంతా నాకు కనబడేది.

మా దగ్గర బావి అంటే నడుము లోతు గొయ్యి. ఇసుక కింద వాన నీళ్ళు పల్చగా నిలిచి ఉంటాయి, వాటి కింద ఉప్పు నీళ్ళు. దుంపల గుంటలన్నీ ఆ నీటి మీదే బతుకుతాయి. తాత రాక ముందు చర్చి లారీకి ఆయిల్ మార్చిన ప్రతిసారీ పాతదాన్ని ఇసుకలోకి వదిలేసేవారు. ఆ దాపున ఉన్న బావిలో నీళ్ళు చేప పొలుసులా రంగులు తేలి, రెండేళ్ళు ఎవరూ చేద వెయ్యలేదు. "మనం పడుకునేది కుండ మూత మీద" అని తాత చెప్పేవాడు. "మూత మీద పోసింది కుండలోకే పోతుంది."

ఆయన పద్ధతి వేరు. ఇంజను గోరువెచ్చగా ఉండగానే కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి నట్టు విప్పేవాడు. చల్లబడితే మడ్డి లోపలే ఉండిపోతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. చివరి చుక్క కారేదాకా అక్కడే గొంతుకూర్చునేవాడు. పాత దోమతెర ముక్క కట్టిన గరాటుతో డబ్బాలో పోసేవాడు. ఎండకి ఉబ్బుతుందని నాలుగు వేళ్ళ ఖాళీ వదిలేవాడు. పెట్రోలు గానీ, రంగు గానీ, నీళ్ళు గానీ అందులో కలవనిచ్చేవాడు కాదు. అలా కలిసిన డబ్బాని రాజధాని తరావాలో ముట్టుకోరని చెప్పేవాడు. డబ్బాలు నేల మీద కాక కొబ్బరి మొద్దుల మీద ఉండేవి. పైన రేకు, చుట్టూ జానెడు సిమెంటు గట్టు. పక్కన కొబ్బరి పీచు పొట్టు సంచి ఒకటి. ఎక్కడైనా చుక్క పడితే పొట్టు చల్లి, ఎత్తి, ఆ పొట్టుకి కూడా ఒక డబ్బా పెట్టేవాడు.

డబ్బాలు తరావాకి వెళ్ళాలి, అక్కడి నుంచి పెద్ద దేశాలకి. కానీ మా దీవికి వచ్చే పడవవాళ్ళు ప్రతిసారీ చోటు లేదనీ, వచ్చేసారి చూద్దామనీ అనేవారు. డబ్బాలు పెరిగిపోయాయి. అకోయా అమ్మమ్మకి అదే కోపం.

"పెళ్ళైన కొత్తలో నాకు మంచం చేసిపెట్టమంటే, కలప లేదన్నాడే మీ తాత. ఇప్పుడు చూడు, మురికి ఆయిల్‌కి మంచమూ, పందిరీ" అనేది నాతో, ఆయనకి వినబడే చెవి వైపు తిరిగి.

నిజానికి ఆయన బాధ పడవవాళ్ళ వల్ల కాదు, బుబుసి వల్ల. బుబుసి అంటే ఉత్త అడగడం కాదు. ఆ మాట పెట్టి ఎవరైనా అడిగితే, ఇచ్చి తీరాలి. పడవైనా సరే, ఒంటి మీద చొక్కా అయినా సరే. లేదన్నవాడి పేరు వాడి మనవల దాకా మాసిపోయి ఉంటుంది. నల్ల ఆయిల్ ఊళ్ళో అందరికీ కావాలి. గుంజలకి పూస్తే చెద పట్టదంటారు. కత్తికి రాస్తే తుప్పు పట్టదంటారు. పందికి రాస్తే గజ్జి పోతుందంటారు. ఇస్తే ఆ ఇచ్చినదంతా తిరిగి ఇసుకలోకే పోతుందని తాతకి తెలుసు. ఇవ్వననడానికి నోరు రాదు. అందుకని దాక్కునేవాడు. ఎవరైనా ఖాళీ సీసా పట్టుకుని వస్తున్నారంటే, అరవై దాటిన మనిషి, జనరేటర్ వెనకాలకి పరిగెత్తేవాడు. అమ్మమ్మ మొహం ఏమీ మారకుండా "చేపలకి వెళ్ళాడు" అనేది. తెరాకా పెద్దాయన రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ తాత చేపలకే వెళ్ళాడు. అంటే తెరాకా అడగనూ లేదు, తాత లేదననూ లేదు.

తెబోవా అవ్వ ముందు మాత్రం ఆ ఉపాయం పారలేదు. ఆవిడ తాతకి వరసకి పిన్ని. ఎనభై దాటాయి, కళ్ళకి పొర కమ్మింది, కానీ కర్ర పట్టుకుని ఊరంతా తిరిగేది. ఆ రోజు తాత చర్చి లారీ కింద పడుకుని ఉన్నాడు. అవ్వ చప్పుడు లేకుండా వచ్చి, కూర్చుని, బయటికి కనబడుతున్న చీలమండ పట్టుకుంది.

"కాలు దొరికింది. దీనికి మనిషి కూడా ఉండే ఉంటాడు" అంది.

కాలు మెల్లగా లారీ కిందికి జరగబోయింది.

"వినబడలేదని చెప్పకురా. కుడి పక్కే కూర్చున్నాను."

"చెప్పు పిన్నీ."

"నా ఆడపందికి ఒళ్ళంతా గజ్జి పట్టింది. నల్ల ఆయిల్ కావాలి. బుబుసి అడుగుతున్నా."

తాత మెల్లగా బయటికి జరిగి కూర్చున్నాడు. పందికి కొబ్బరి నూనెలో గంధకం కలిపి తనే రాసి పెడతానన్నాడు. ఆ ఆయిల్ దాని తోలులోకి దిగుతుందనీ, అది పొర్లిన చోటల్లా నేలలోకి దిగుతుందనీ నచ్చజెప్పబోయాడు. గంధకం నేనడిగానా అంది అవ్వ. పోనీ మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో పోసిస్తానన్నాడు. ఒక చేతిలో కర్ర ఉంది, ఇంకో చేత్తో డబ్బా ఎలా మొయ్యను, సీసా తెచ్చుకున్నాను కదా అంది. అది పాకం సీసా. మా దీవిలో ఉన్న సీసాలన్నీ పాకం సీసాలే.

తాత ఆ సీసాని చేతిలోకి తీసుకున్నాడు. తరువాత లేచి, సగం దాకా పోసి, మూత బిగించాడు. ఓడ నుంచి తెచ్చుకున్న పాత ఎర్ర జెండా ఒకటి ఆయన పనిముట్ల పెట్టెలో ఉండేది, అంచుకి తెల్ల దారంతో కుట్టు. దాని అంచు నుంచి ఒక పేలిక చింపి సీసా మెడకి రెండు ముళ్ళు వేశాడు.

"ఈ గుడ్డ ఉన్నంతసేపూ ఇది పాకం కాదు పిన్నీ. ఇంట్లో పెట్టకు. దొడ్డి దగ్గరే ఉంచి, రాసేశాక సీసా నాకే ఇచ్చెయ్యి."

"ఎనభై ఏళ్ళ నుంచి పాకం తాగుతున్నా. ఏది పాకమో నువ్వు నేర్పు నాకు" అని అవ్వ నవ్వి, సీసా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

తాత ఆ పూట మళ్ళీ లారీ కిందికి వెళ్ళలేదు. గట్టు మీద కూర్చుని పీచు పొట్టుని చేత్తో నలుపుతూ ఉన్నాడు.

నాలుగో రోజు మనేయబా పండగ. ఇంటికొక పాకం సీసా తేవాలి. అది ఆ ఇంటి పేరు. తేకపోతే తలవంపు, పల్చని పాకం తెస్తే అంతకన్నా తలవంపు. వానలు లేక మూడు నెలలైంది. చర్చి ట్యాంకులో అడుగున మిగిలిన నీళ్ళని ఈ రోజు కోసమే ఎవరినీ ముట్టుకోనివ్వకుండా దాచారు. ఆ నీళ్ళలో పాకం కలిపి, నాట్యం చేసే నలభై మంది పిల్లలకి ముందుగా ఇవ్వాలి.

పొద్దున నేను తలకి పువ్వులు పెట్టుకుంటుంటే తాత సీమపనస చెట్టు దాకా వచ్చాడు. తెబోవా సీసా తెచ్చిచ్చిందా అని అడిగాడు. నేను చూడలేదన్నాను. ఆయన మెడ చుట్టూ కొత్త చొక్కా కాలరు బిగిసి ఉంది, దాన్ని వేలితో లాగుతూ నిలబడ్డాడు.

"ఒకసారి వాళ్ళ పంది దొడ్డి దగ్గర చూసి రా తల్లీ. అక్కడుంటే పట్టుకొచ్చెయ్. ఎవరితోనూ ఏమీ అనకు. నేను పెద్దవాళ్ళతో కూర్చోవాలి, తప్పదు."

నేను వెళ్ళాను. పంది నీడలో పడుకుని ఉంది. దాని ఒక పక్క నల్లగా మెరుస్తోంది, రెండో పక్క ముట్టుకోనే లేదు. సగమైనా వాడలేదన్నమాట. దొడ్డి చుట్టూ వెతికాను. కంచె కర్రల మధ్య, ఎండిన మొగలాకుల కింద, తొట్టి వెనకాల చూశాను. సీసా లేదు. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ పండగకి వెళ్ళిపోయారు. వంట అరుగు మీద పాకం సీసాలు పెట్టే చోట దుమ్ములో ఒకే ఒక గుండ్రటి మచ్చ ఉంది. అక్కడున్న సీసాని ఎవరో ఇప్పుడే తీసుకెళ్ళారు. ఆ మచ్చని వేలితో తాకాను. వేలికి నల్లగా అంటింది. పాకమో, ఆయిలో, వాసన చూశాను గానీ, దొడ్డి కంపు తప్ప ఇంకేదీ ముక్కుకి ఆనలేదు.

నేను పరిగెత్తుకుని మనేయబాకి చేరేసరికి తెరాకా లేచి మాట్లాడుతున్నాడు. పెద్దలు మాట్లాడేటప్పుడు అక్కడ ఎవరూ కదలరు. తప్పనిసరై కదలాల్సి వస్తే నడుము వంచి, నేలకి ఆనేంత తగ్గి, అంచు నుంచే జరుగుతారు. నేను అలాగే చూరు పక్క నుంచి జరిగి, ఆడవాళ్ళ వైపు తొట్టి దగ్గరికి చేరాను. తొట్టికి ఒక పక్క తెబోవా అవ్వ కోడలు మేరె కూర్చుని ఉంది. ఆమె వెనకాల సీసాలు వరసగా ఉన్నాయి. నా చేతికి గరిటె ఇచ్చి, తిప్పమని కళ్ళతోనే చెప్పింది.

తాత ఎదుటి వైపు, వాళ్ళ ఇంటివాళ్ళకి తాతల నాటి నుంచి ఉన్న చోట, స్తంభానికి ఆనుకోకుండా కూర్చున్నాడు. నన్ను చూసి కనుబొమలు ఎత్తాడు. దొరికిందా అని. నేను తల అడ్డంగా ఊపాను.

ఆయన చూపు నా మీద నుంచి సీసాల మీదికి వెళ్ళింది. ఒక్కొక్కటే చూసుకుంటూ పోతున్నాడు. నేనూ చూశాను. పదకొండు సీసాలు. ఆరింటి మూతలు అప్పటికే తీసి ఉన్నాయి, తక్కినవి మేరె తీస్తోంది. దేని మెడకీ ఎర్ర గుడ్డ లేదు. తాత భుజాలు కొంచెం కిందికి దిగడం నాకు తెలిసింది. నాకూ ఊపిరి ఆడింది. అవ్వ సీసాని ఇంకెక్కడో దాచి ఉంటుంది, పండగయ్యాక వెతకొచ్చు అనుకున్నాను.

మేరె ఏడోది పోసింది, ఎనిమిదోది పోసింది. కొన్నింట్లో పాకం ముదిరి నల్లగా ఉంది, కొన్నింట్లో పల్చగా ఎర్రగా ఉంది. చూరు కిందికి దిగి ఉండడం వల్ల అక్కడంతా చీకటి. బయట రాళ్ళ పొయ్యిలో పందులు కాలుతున్న పొగ లోపలికి వస్తోంది, కళ్ళు మండుతున్నాయి. నేను తిప్పుతున్నాను. నీళ్ళ మీద ఒకచోట మెరుపు కనబడింది. సన్నటి జిడ్డు, గరిటె తగిలితే విడిపోయి మళ్ళీ కలుస్తోంది. నాట్యం పిల్లలందరూ చేతులకి కొబ్బరి నూనె రాసుకుని ఉన్నారు, ఎవరో చెయ్యి ముంచి ఉంటారనుకున్నాను. అనుకున్నానా, అలా అనుకోవాలని అనుకున్నానా, ఇప్పటికీ చెప్పలేను. మేరెని అడగొచ్చు. పెద్దాయన మాట్లాడుతున్నాడు, పక్క ఊరి వాళ్ళు చూస్తున్నారు. నేను అడగలేదు.

పదకొండో సీసా కూడా అయిపోయింది. మేరె కొబ్బరి చిప్పలు వరసగా పేర్చింది. తెరాకా గొంతు చివరి మాటల మీదికి వచ్చింది. ఆయన అతిథులకి క్షేమం కోరి కూర్చోగానే పిల్లలు తాగాలి.

అప్పుడు ముందు వరసలో మా ఊరి పిల్ల బేతా, తెబోవా అవ్వ మనవరాలు, జారిపోతున్న పూలదండని సర్దుకోవడానికి చెయ్యెత్తింది. నాట్యం కోసం మణికట్టుకి ఎర్ర పేలిక కట్టుకుంది. పేలిక అంచుకి తెల్ల దారం కుట్టు ఉంది.

నేను తాత వంక చూశాను. ఆయన అప్పటికే ఆ పేలికని చూస్తున్నాడు.

ఆయన లేచి నిలబడ్డాడు. తెరాకా మాట సగంలో ఆగింది. తాత నడుము వంచలేదు, అంచు నుంచి రాలేదు. పెద్దల ముందు నుంచి, అతిథుల చాపల మధ్య నుంచి, తిన్నగా నడిచి వచ్చాడు. నా వంక చూడలేదు. రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకుని, ఎత్తి, చూరు వైపు ఒరగదోశాడు. నీళ్ళు చాప అంచు దాటి తెల్ల గులకరాళ్ళ మీదికి పోయాయి. కాలు తగలనే లేదు.

నీళ్ళు గులకలోకి ఇంకిపోయాయి.

"కౌతునా, ఇదేమిటో చెప్పు" అన్నాడు తెరాకా. గొంతు ఎత్తలేదు. "నీకు వినబడే చెవి ఇటే ఉంది."

ముందుగా అరిచింది తెబోవా అవ్వే.

"పిల్లల నోటి దగ్గరది పారబోశావు కదరా. వానల్లేక మేం నాలుకలు తడుపుకుని దాచిన నీళ్ళు కదరా అవి. మీ అమ్మ బతికుంటే ఈ వేళ నేలలోకి దిగిపోయేది."

తాత ఆవిడ వంక చూశాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట ఇక్కడితో ఆగదు. పక్క ఊరి వాళ్ళు దాన్ని వాళ్ళ ఊరికీ, అక్కడి నుంచి పడవల మీద ప్రతి దీవికీ మోసుకెళ్తారు. తెబోవా ఇంటివాళ్ళు అతిథుల పిల్లలకి ఇంజన్ ఆయిల్ పోశారని. ఆ ఇంటి పిల్లలు ఇక ఏ మనేయబాలోనూ తలెత్తి కూర్చోలేరు. పైగా ఆయనకి తెలిసింది ఎర్ర గుడ్డ సీసా మెడకి లేదన్నది ఒక్కటే. ఆ సీసా తొట్టిలోకి వచ్చిందని రుజువు లేదు. పేరు పెట్టి చెప్పాక అది ఇంకెక్కడో దొరికితే?

నేను నోరు తెరిచాను. ఆయన నా వంక చూసి తలని అడ్డంగా, ఎవరికీ కనబడనంత కొంచెం, ఊపాడు. నేను నోరు మూసుకున్నాను.

"నాదే తప్పు. ఏ శిక్ష వేసినా సరే" అన్నాడు.

ఒక పంది, రెండు పెద్ద చాపలు శిక్ష వేశారు. అంతకన్నా పెద్దది, ఈ కప్పు పాతబడి మళ్ళీ కొత్త ఆకు నేసేదాకా ఆయన మనేయబాలో నోరెత్తకూడదు. కూర్చోవచ్చు, వినొచ్చు. పిల్లలకి లేత కొబ్బరికాయలు కొట్టి ఇచ్చారు. నాట్యం జరిగింది, ఎవరికీ మనసు లేదు. ఆడవాళ్ళు కోపంతో ఎవరి ఖాళీ సీసా వాళ్ళు తీసుకుని అప్పటికప్పుడే వెళ్ళిపోయారు. ఏ సీసా అడుగున ఏముందో చూడడానికి మాకు ఒక్కటీ మిగలలేదు. మేరె తన సీసాని కడిగేటప్పుడు ఏం చూసిందో నాకు తెలియదు. ఆ తరువాత చాలా రోజులు ఆమె మా ఇంటి ముందు నుంచి కాక సముద్రం ఒడ్డు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేది.

తక్కినది లారీలూ ఓడలూ చేశాయి. తెరాకా రెండుసార్లు వచ్చి దొరకక వెళ్ళిపోయిన సంగతి ఊళ్ళో కొందరికి తెలుసు. దాంట్లోంచి బుబుసి పుట్టింది, లేదనడం పుట్టింది, తన్నడం పుట్టింది. అకోయా అమ్మమ్మ కొన్నాళ్ళు ప్రతి ఒక్కరితోనూ పోట్లాడింది. తరువాత మానేసింది. తెబోవా అవ్వ మాత్రం ఎవరైనా తన ముందు ఆ కథ ఎత్తితే సగంలోనే ఆపేసేది. "ఆ తొట్టి సంగతి నేను మరిచిపోను. కానీ బుబుసికి లేదన్నాడంటే ఒప్పుకోను. నేనడిగితే సీసాలో పోసిచ్చాడు" అనేది. ఆ సీసా ఏమైందని ఆవిడని ఎవరూ అడగలేదు. ఆవిడకీ గుర్తు లేదు.

ఒకటి మాత్రం మారింది. ఆయిల్ కోసం ఖాళీ సీసాలతో ఎవరూ రావడం మానేశారు. లేదనేవాడి గుమ్మం ఎవరు తొక్కుతారు? తాత జనరేటర్ వెనకాల దాక్కోవడం మానేశాడు. ఒకసారి డబ్బాల మూతలు బిగిస్తూ నాతో అన్నాడు.

"ఈ డబ్బాలన్నిటికీ కలిపి మంచి మూత దొరికింది చూశావా. నా పేరు."

మరుసటి ఏడు ఒక పడవవాడు వచ్చి డబ్బాలన్నీ తట్టి చూశాడు. మూతలు గట్టిగా ఉన్నాయి, ఒక్క దానిలోనూ నీళ్ళు కలవలేదు. ఎక్కించుకుంటానన్నాడు. ముప్పై ఒక్క డబ్బాలు, వాటితో పాటు కుట్టేసిన ఒక గోనెసంచి కూడా వెళ్ళాయి. ఆ సంచిలో ఏముందని పడవవాడు అడిగితే తాత గులకరాళ్ళన్నాడు. అతను నవ్వాడు.

ఆ సంచి సంగతి నాకూ తాతకీ తప్ప ఎవరికీ తెలియదు. పండగ రోజు పొద్దు వాలుతుండగా మనేయబా ఖాళీ అయింది. నేను చిప్పలు ఏరుతూ మిగిలిపోయాను. తాత ఖాళీ సంచీ, పారా పట్టుకుని చూరు పక్క నుంచి వచ్చాడు. కొత్త చొక్కా విప్పేసి ఉన్నాడు. నీళ్ళు ఒలికిన చోట గొంతుకూర్చుని, గులక మీద అరచెయ్యి ఆనించాడు. పొద్దుటి నుంచి ఆయన మోస్తున్నది శిక్ష కాదని అప్పుడు అర్థమైంది. అంతమంది పిల్లల ముందు నుంచి మంచి నీళ్ళని ఊరికే పారబోశానా అన్న ప్రశ్న.

"దగ్గరవి నా కళ్ళకి ఆనడం లేదు తల్లీ" అన్నాడు. "నువ్వు చూసి చెప్పు. చీమలున్నాయా?"

మా దీవిలో పాకం ఒక్క బొట్టు కింద పడితే, తుడవడానికి గుడ్డ తెచ్చేలోగా చీమలు వచ్చేస్తాయి. నేను మోకాళ్ళ మీద వంగి, చాప అంచు దగ్గర మొదలుపెట్టి చూశాను. చాప మీద, మేరె కూర్చున్న చోట, సీసా మూతి నుంచి కారిన ఒక చుక్క ఉంది. దాని చుట్టూ చీమలు నల్లగా మూగి ఉన్నాయి. అక్కడి నుంచి గులక మీదికి జరిగి, ఈ చివర నుంచి ఆ చివర దాకా, రాయి రాయి తిప్పి చూశాను.

పదకొండు ఇళ్ళ సీసాలు ఒలికిన ఆ గులక మీద ఒక్క చీమ కూడా లేదు.